రికార్డుకెక్కని మాట: వకీలు నవల రాసే క్రమంలో నా అనుభవం

బెజవాడ కోర్టులో సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషు చేసి స్టెనోకి చెబుతారు. రికార్డులో మిగిలేది ఆ ఇంగ్లీషే. ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. బోనులో మనిషి ఇలా అన్నాడనుకోండి: "ఆ రాత్రి మా గేదె ఈనేలా ఉందండి. దొడ్లోనే మంచం వాల్చుకున్నా. కుక్కలు ఒకటే మొరుగుడు. లేచి చూస్తే ఎవరో డొంక దాటి పోతన్నారు." డిపాజిషన్‌లో, అంటే కోర్టు నమోదు చేసే సాక్ష్యపు కాగితంలో, ఇది 'ఆ రాత్రి నేను ఇంటి వెలుపల నిద్రించుచుండగా ఒక వ్యక్తి పోవుట చూచితిని' అనే అర్థం వచ్చే ఒక్క ఇంగ్లీషు వాక్యమవుతుంది. గేదె పోయింది, కుక్కలు పోయాయి, డొంక పోయింది. కేసుకు అంతే చాలు, తప్పేమీ లేదు. నవలకు మాత్రం ఆ పోయినవే కావాలి.

ఇరవై ఏళ్లు కేసు కట్టలు తిరగేసిన వకీలు నవల రాయబోతే మొట్టమొదట దెబ్బ తగిలేది ఇక్కడే. బీరువా నిండా కథలున్నాయనుకుంటాడు. బీరువాలో ఉన్నవి కథల అస్థిపంజరాలు. నేనూ పాత కట్టలు ముందు వేసుకునే కూర్చున్నాను. మూడు అధ్యాయాలయ్యాక చూసుకుంటే అవి ప్లెయింటుకు (దావా పత్రానికి) ఎక్కువ, నవలకు తక్కువగా ఉన్నాయి. అవి పక్కన పడేసి, కోర్టు హాల్లో విని కాగితం మీదికి ఎక్కని మాటలను ఒక రూళ్ల నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాకే పని కదిలింది. పేర్లు, కేసు నంబర్లు, తేదీలు లేకుండా మాట తీరు ఒక్కటే రాసుకునేవాణ్ని.

ఈ దారి మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు. గుంటూరు బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని జైల్లో రాశారు. 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. డబ్లిన్ వెళ్లి బారిస్టరయి వచ్చిన మనిషి గుంటూరు సీమ పల్లె మాటను నవల్లోకి తెచ్చారు. రేపల్లెలో న్యాయవాదిగా ఉన్న నోరి నరసింహశాస్త్రి చారిత్రక నవలలు రాశారు. విశాఖలో వకాల్తా చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి సంగతి చెప్పనక్కర్లేదు, కోర్టు వరండాలో నిలబడే మనిషి మాట ఆయన చేతిలో వచనమైంది. ఇన్ని ఉదాహరణలున్నా "బార్ కౌన్సిల్ ఒప్పుకుంటుందా?" అని జూనియర్లు ఇప్పటికీ అడుగుతుంటారు.

ఒప్పుకుంటుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 51వది పత్రికా రచన, ప్రసారాలు, ఉపన్యాసాలు, బోధన వంటివి న్యాయవాది చేసుకోవచ్చంటుంది. దానికి రెండు షరతులున్నాయి. ప్రచారం చేసుకోకూడదు, పూర్తికాలపు ఉద్యోగం కాకూడదు. నవల రాసి రాయల్టీ తీసుకోవడంలో చిక్కు లేదు. చిక్కు వచ్చే చోట్లు వేరే ఉన్నాయి. ఏ పత్రికలోనో, సినిమా సంస్థలోనో నెలజీతం మీద రచయితగా చేరితే 49వ నియమం అడ్డొస్తుంది. అప్పుడు బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపుకోవాలి. సొంత నవల బాగా అమ్ముడైందని పదిమంది పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థ పెట్టి దగ్గరుండి నడిపిస్తే అది వ్యాపారం కిందకు వస్తుంది, 47వ నియమం చూసుకోవాలి. ఇక 36వది ప్రచార నిషేధం. నవల వెనక అట్ట మీద 'ఇన్నేళ్ల అనుభవం గల ప్రముఖ క్రిమినల్ న్యాయవాది' అని వేసి, కింద ఆఫీసు చిరునామా, ఫోను నంబరు ఇచ్చారంటే అది పుస్తకం అట్ట కాదు, బోర్డు. నేను 'రచయిత వృత్తిరీత్యా న్యాయవాది, ఉండేది విజయవాడ' అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఫోటో కూడా నల్లకోటు లేకుండా తీయించుకున్నాను. అది నియమం కాదు, నా జాగ్రత్త.

అసలు ప్రమాదం క్లయింటు రహస్యం దగ్గర ఉంది. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 132. వృత్తిపరంగా క్లయింటు చెప్పినది, అతని కాగితాల్లో చూసినది, మనం ఇచ్చిన సలహా ఏదీ అతని అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. కేసు ముగిసినా, వకాల్తా వెనక్కి తీసుకున్నా ఈ బాధ్యత తీరదు. 'పదేళ్ల క్రితం కేసు కదా' అనే మాట ఇక్కడ చెల్లదు.

అందుకని ఏ సంఘటన వాడుకోవాలన్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకునేవాణ్ని. ఇది నాకు ఎక్కడ తెలిసింది? బహిరంగ కోర్టులో, తీర్పులో ఉన్న సంగతైతే అది లోకానికి తెలిసినదే. తీర్పు పాఠాన్ని మళ్లీ అచ్చు వేసుకోవడానికి 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ కూడా వీలిస్తుంది, కోర్టు ప్రత్యేకంగా వద్దంటే తప్ప. ఆఫీసులో తలుపు వేశాక క్లయింటు చెప్పినదైతే దాన్ని తాకకూడదు. నోటుబుక్కులో ప్రతి సంగతి పక్కనా 'కో' అనో 'ఆ' అనో గుర్తు పెట్టుకున్నాను. 'ఆ' గుర్తున్నవాటిలో ఒక్కటీ నవల్లోకి రాలేదు. అన్నిటికంటే మంచి సంగతులు అందులోనే ఉన్నాయి. అదొక బాధ, భరించాలి.

'కో' గుర్తున్నవి కూడా యథాతథంగా దించకూడదు. చాలామంది పేరు మార్చి ఊరుకుంటారు. పేరు మారిస్తే ఎవరూ మోసపోరు. మంగళగిరి మనిషిని తెనాలి మనిషిని చేసినా గుర్తుపట్టేస్తారు. గుర్తుపట్టించేది పేరు కాదు, సంఘటనల వరస. అన్నదమ్ములు ముగ్గురు, రెండో వాడి భార్య ఫిర్యాది, మిర్చి కోల్డ్ స్టోరేజి రసీదు దగ్గర గొడవ. ఈ వరస ఉంటే చాలు, గుంటూరు యార్డులో సగం మంది అది ఎవరి కేసో చెప్పేస్తారు. అందుకని నేను వరసనే విరగ్గొట్టాను. గొడవకు కారణం ఒక కేసు నుంచి, కుటుంబం తీరు ఎప్పుడో చూసిన ఇంకో ఇంటి నుంచి, ముగింపు పూర్తిగా కల్పన. చివర్లో ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆ కేసు పార్టీ తానే ఈ పుస్తకం చదివితే 'ఇది నా కథ' అంటాడా, 'ఇలాంటిది నాకూ జరిగింది' అంటాడా? మొదటి మాట అంటాడనిపిస్తే ఆ అధ్యాయం మళ్లీ రాయాల్సిందే. రెండు అధ్యాయాలు అలా మళ్లీ రాశాను.

'ఇందులోని పాత్రలు కల్పితాలు' అన్న వాక్యం మొదటి పేజీలో వేస్తే చాలనుకునేవాళ్లున్నారు. అది వేయాలి, వేశాను. కానీ దానంతట అది కవచం కాదు. చదివినవాళ్లు ఫలానా మనిషే అని తేలిగ్గా పోల్చుకోగలిగితే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద, అంటే పాత ఐపీసీ 499, 500ల కింద, పరువు నష్టం ఫిర్యాదు రావచ్చు. చనిపోయినవాళ్ల గురించి రాసినా కుటుంబం మనసు నొప్పించాలనే ఉద్దేశం ఉంటే అదే సెక్షన్ వర్తిస్తుంది. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టే వివరాలు ఇవ్వడం అదే సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో 23, జువెనైల్ జస్టిస్ చట్టం 74 ఇంకా కచ్చితంగా ఉంటాయి. జడ్జి పాత్రను చెడ్డవాడిగా రాయవచ్చా అని అడుగుతారు. కల్పిత జడ్జిని రాయవచ్చు. ఫలానా ఏడాది ఫలానా కోర్టు హాలులో కూర్చున్న జడ్జి అని తేలేలా రాయకూడదు. నా నవల్లో కోర్టుకు నంబరు లేదు, ఎన్నో అంతస్తో కూడా లేదు.

ఇక రాత పని. డెమీ, అంటే మామూలు నవల సైజులో 256 పేజీల పుస్తకం లక్ష్యంగా పెట్టుకున్నాను. పేజీకి ముప్ఫై లైన్లు, లైనుకు ఆరేడు మాటలు అనుకుంటే పేజీకి 200 మాటలు. ముందు పేజీలు తీసేస్తే దాదాపు 48 వేల మాటలు రాయాలి. రోజుకు 350 మాటలంటే 140 రోజులు చాలాలి. చాలవు, ఎందుకంటే ఆర్గ్యుమెంట్లున్న రోజుకు ముందు రాత్రి, తర్వాతి పొద్దున ఏమీ రాయలేం. బుర్ర ఇంకా వాదిస్తూనే ఉంటుంది. పదిన్నరకు కోర్టు కూర్చుంటుంది కాబట్టి తొమ్మిదికల్లా కట్టలు సర్దాలి. కాబట్టి తెల్లవారుజామున అయిదు నుంచి ఆరున్నర దాకానే నాకు పనికొచ్చే సమయం. సాయంత్రాలు క్లయింట్లవి. సివిల్ కోర్టులకు మే నెల సెలవులు, దసరా, సంక్రాంతి ఉంటాయి కాబట్టి తిరగరాయడం మేలో పెట్టుకున్నాను. మేజిస్ట్రేట్ కోర్టుల్లో పనిచేసేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు, వాళ్లు ఇంకో అయిదారు నెలలు కలుపుకోవాలి.

డ్రాఫ్టింగ్, అంటే కోర్టు కాగితాలు రాసే అలవాటు, చేతికి పట్టిన తుప్పు లాంటిది. 'సదరు' అనే మాట నా మొదటి ప్రతిలో ఎన్నిసార్లు వచ్చిందో కంప్యూటరు వెతికి పెట్టింది. చదివేవాళ్లు నవ్వుతారని ఆ లెక్క ఇక్కడ చెప్పడం లేదు. 'పైన పేర్కొన్న', 'మరియు', 'తత్ఫలితముగా', 'ఎట్లనగా' కూడా అంతే. మాటలు తీసేయడం తేలిక. వాక్యం కట్టు మార్చడం కష్టం. ప్లెయింటులో ప్రతి పేరా ఒక ఆరోపణ, ప్రతి ఆరోపణకు ఆధారం, ఏ సందూ వదలకూడదు. ఎదుటి వకీలు ఆ సందులో దూరతాడని భయం. నవల్లో సందు వదలాలి, పాఠకుడు దూరేది అందులోనే. ఒక పాత్ర ఎందుకు కోపగించుకుందో నేను మూడు కారణాలు రాశాను, అలవాటు కొద్దీ వరసగా. రెండు కొట్టేస్తే గానీ ఆ కోపం నమ్మబుద్ధి కాలేదు.

ఇంటి వర్ణన ఇంకా ఘోరం. దస్తావేజు షెడ్యూలు రాసిన చెయ్యి ఇల్లు అనగానే తూర్పు ఫలానా వారి స్థలము, దక్షిణం పంచాయతీ బజారు, పడమర, ఉత్తరం అని నాలుగు హద్దులు చెబుతుంది. అలా రాసిన పేజీ నిజంగానే ఒకటి ఉంది. దాన్ని పూర్తిగా పారేయలేదు, ఆస్తి తగాదా మొదలయ్యే చోట ఒక ముసలాయన నోట ఆ హద్దులే చెప్పించాను. ఆయన నోట అది హద్దుల వివరం కాదు, ఎవరెవరితో మాటలు లేవో చెప్పడం.

మాటలు రాసేటప్పుడు నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. క్రాస్ ఎగ్జామినేషన్ సన్నివేశాన్ని రెండుసార్లు రాసేవాణ్ని. మొదట రికార్డుకెక్కే తీరులో, ప్రశ్న లేకుండా జవాబు మాత్రమే. 'నేను అబద్ధం చెబుతున్నానంటే సరికాదు' అనే వాక్యం ప్రతి డిపాజిషన్ చివరా ఉంటుంది కదా, అలాగన్నమాట. తర్వాత అదే సన్నివేశం, హాల్లో జరిగిన తీరులో. వకీలు అడిగే ముందు కాగితం తిప్పడం, సాక్షి తన వైపు వాళ్ల కోసం వెనక్కి చూడటం, జడ్జిగారు "ఇటు చూసి చెప్పు" అనడం, స్టెనో చెయ్యి ఆగడం. రెండిటినీ పక్కపక్కన పెట్టి, మొదటిదాంట్లో లేనిదేదో అదే ఉంచాను. నవల్లో ఒక్క చోట మాత్రం రికార్డు పాఠాన్ని అలాగే వేశాను. సాక్షి ఏడ్చిన పది నిమిషాలు రెండు లైన్లయిన చోట.

ఇప్పుడు తప్పుల సంగతి. వకీలు రాసిన కోర్టు నవల్లో చట్టం సంగతి తప్పితే క్షమాపణ ఉండదు. అందరికంటే ఎక్కువగా తేదీలు పడేస్తాయి. ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో కొత్త చట్టాలు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మీ కథలో హత్య 2024 మార్చిలో జరిగితే అది ఐపీసీ 302, ఆగస్టులో జరిగితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103. మార్చిలో జరిగిన నేరానికి ఆగస్టులో కేసు కట్టారనుకోండి, నేరం సెక్షన్ పాతది, దర్యాప్తు విధానం కొత్తది. జులైకి ముందే మొదలైన విచారణ పాత సీఆర్‌పీసీ కిందే సాగుతుంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ అనే హోదాయే లేదు, కాబట్టి బెజవాడ కథలో ఆ మాట ఏ ఏడాది వాడుతున్నామో చూసుకోవాలి. అప్పీలు ఎక్కడికి పోతుందో కూడా ఏడాదిని బట్టే. 2018 దాకా హైదరాబాదు రైలెక్కించాలి. 2019 జనవరి 1 నుంచి మనకు వేరే హైకోర్టు, కొద్ది నెలలకే అమరావతిలోని నేలపాడుకు చేరింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నరసరావుపేట పాత్ర 'మా గుంటూరు జిల్లా' అంటే అది నోటి అలవాటు, ఫర్వాలేదు. అదే ఎఫ్ఐఆర్ పేజీలో ఉంటే తప్పు.

సినిమా నుంచి వచ్చే తప్పులు ఇంకో రకం. మన కోర్టుల్లో జడ్జి చేతిలో సుత్తి ఉండదు, జ్యూరీ లేదు. సాక్షి భగవద్గీత మీద చెయ్యి వేయడు, 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి సాక్షిగానో, అంతఃకరణ సాక్షిగానో నిజం చెబుతానంటాడు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదని చట్టమే చెబుతుంది. సురక్షా సంహితలో అది 181వ సెక్షన్. 'సంతకం నీదేనా?' అని ఆ కాగితం చూపించి అడిగే క్లైమాక్సు ఎంత బాగున్నా కొట్టేయాల్సిందే. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నంత మాత్రాన శిక్ష పడదు. ఆ ఒప్పుకోలు వల్ల దొరికిన కత్తికో, నగకో సంబంధించిన మేరకే అది సాక్ష్యం. చెక్ బౌన్స్ కేసు నవలలకు చాలా ఇష్టమైనది, గడువుల దగ్గరే అందరూ జారిపడతారు. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లోగా నోటీసివ్వాలి. నోటీసు అందిన దగ్గర్నుంచి చెక్కు ఇచ్చినవాడికి డబ్బు కట్టడానికి 15 రోజులు. అప్పుడూ కట్టకపోతే నెలలోగా ఫిర్యాదు. చెక్కు బౌన్సయిన వారానికి హీరోగారు కోర్టులో నిలబడితే ఆ పుస్తకం బార్ అసోసియేషన్ హాల్లో జోకవుతుంది. బెయిలు కూడా అంతే. హత్య కేసులో 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే ముద్దాయికి బెయిలు హక్కు వస్తుంది. దీన్ని వాడుకున్నాను, కథ మలుపు దాని మీదే ఉంది. అందుకే రిమాండు తేదీ నుంచి ఒక క్యాలెండరు గీసి గోడకు అంటించుకున్నాను.

రాసింది ముగ్గురికి చదవమని ఇవ్వాలి. ఒక వకీలుకు, ఒక వకీలు గుమాస్తాకు, కోర్టు మెట్లెక్కని ఒకరికి. వకీలు సెక్షన్లు చూస్తారు. గుమాస్తాగారు చూసేవి వేరు. నంబరు పడని కేసు వాయిదా జాబితాలోకి ఎలా వచ్చింది, కోర్టు ఫీజు స్టాంపులు ఎవరు తెచ్చారు, బంట్రోతు మూడుసార్లు పిలవాలి కదా ఒకసారేనా పిలిచాడు అని. అలాంటివి ఆయన నా ప్రతిలో పట్టినన్ని ఇంకెవరూ పట్టలేదు. మూడో మనిషికి చెప్పవలసింది ఒక్కటే, ఎక్కడ విసుగొస్తే అక్కడ పేజీ మూల మడవమని. మడతలన్నీ నేను చట్టం వివరించిన చోట్ల పడ్డాయి.

అచ్చుకు రెండు దారులు. వారపత్రికలో సీరియల్‌గా వేయించి తర్వాత పుస్తకం చేయడం, లేదా నేరుగా పుస్తకం. సీరియల్‌కు ప్రతి వారం చివర ఒక కొక్కెం కావాలి, నా కథకు అది కుదరలేదు. ఆ కట్టు ఎలా ఉంటుందో చూడాలంటే గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికలు తిరగేయడం మంచి చదువు. ప్రచురణకర్తతో ఒప్పందం చేసుకునేటప్పుడు వకీలై ఉండి కూడా చదవకుండా సంతకం పెట్టేవాళ్లను చూశాను. కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అనుకోవాలి. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే అది మనకే తిరిగొస్తుంది, ఒప్పందంలో వేరేలా లేకపోతే. ఆ 'వేరేలా' అన్న వాక్యమే ముద్రిత ఫారాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పుస్తకం హక్కు, ఈ-బుక్, ఆడియో, సినిమా నాలుగూ విడివిడిగా రాయించుకోవాలి. కాపీరైటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన రోజే హక్కు పుడుతుంది, రచయిత తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అయినా సినిమావాళ్లు చదువుతారనుకుంటే చేయించడం మేలు.

నేను సొంతంగా వేసుకున్నాను, అందుకే డీటీపీ (కంప్యూటరులో పేజీలు కట్టే పని) బాధ పూర్తిగా తెలిసింది. మనం యూనికోడ్‌లో టైపు చేస్తాం. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. ఫైలు మార్చేటప్పుడు మూడు రకాల నష్టం జరుగుతుంది. 'సెక్షన్‌లో' లాంటి మాటల్లో పొల్లును విడిగా నిలబెట్టే కనపడని గుర్తు పోయి 'సెక్షన్లో' అయిపోతుంది. కోర్టు నవల్లో ఇంగ్లీషు మాటలు ఎక్కువ కాబట్టి ఇది వందల చోట్ల. ఉటంకింపు గుర్తులు వేరే అక్షరాలవుతాయి. అరుదైన వత్తులు పక్కకు జరుగుతాయి. తర్వాత ఈ-బుక్ చేద్దామంటే ఆ ఫైలు పనికిరాదు, అందులో మాట వెతకనైనా వెతకలేం. నా మొదటి ఫైలు ఒక డీటీపీ సెంటరులో ఇలాగే పాడైంది, ప్రూఫు మూడుసార్లు మొదటి నుంచి చూడాల్సి వచ్చింది. రెండోసారి ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ ఫాంటుతోనే చేయించాను. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం లోపలి పాఠానికి మండలి కంటికి హాయి. రామభద్ర శీర్షికలకే. ప్రూఫు తెర మీద చూడకూడదు, కాగితం మీదే చూడాలి, అందులో ఒక విడత చివరి పేజీ నుంచి మొదటి పేజీకి. అప్పుడు కథ లాక్కుపోదు.

కాగితం లెక్క తేలిక, అయినా ఎవరూ చెప్పరు. డెమీలో ఒక ఫారం అంటే 16 పేజీలు. 256 పేజీలంటే సరిగ్గా 16 ఫారాలు. 258 పేజీలు వచ్చిందంటే ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం పోతుంది. అందుకే చివర్లో పేరాలు కుదించాను. 500 కాపీలకు డెమీ షీట్లు ఎనిమిది వేలు, అంటే 16 రీములు, వేస్టేజీకి ఇంకొకటి. లోపలికి 70 జీఎస్ఎం మ్యాప్‌లితో, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, పర్ఫెక్ట్ బైండింగ్. వెన్ను మందం దాదాపు 12 మిల్లీమీటర్లు వస్తుంది. అట్ట వేసే ఆర్టిస్టు 8 అనుకుని వేస్తే వెన్ను మీది పేరు ముందుకు జారుతుంది. లోపలి పేజీలు అదే కాగితంతో ఖాళీ డమ్మీ కట్టించి స్కేలు పెట్టి కొలిచాకే అట్ట ఫైలు ఖాయం చేయాలి. ఫైలు అక్టోబరు చివరికి ప్రెస్సుకు ఇవ్వాలి. నవంబరు దాటితే క్యాలెండర్లు, డైరీలు వచ్చి పడతాయి, మీ నవల వెనక్కి పోతుంది.

పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది, దానికి డబ్బు అడిగేవాళ్లకు ఇవ్వకండి. అట్ట అచ్చుకు వెళ్లే ముందే తెచ్చుకోవాలి. అచ్చయిన 30 రోజుల్లో గ్రంథాలయాలకు పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం కింద కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, మిగతా మూడు గ్రంథాలయాలకు ఒక్కోటి సొంత ఖర్చుతో పంపాలి. మద్రాసు కన్నెమరా అందులో ఒకటి. సొంతంగా వేసుకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది, పంపేవాళ్లు తక్కువ.

ధర నిర్ణయం దగ్గర మొహమాటపడితే మునిగిపోతాం. కాపీకి 100 రూపాయలు పడిందనుకుందాం. ధర 200 పెట్టి దుకాణానికి 40 శాతం వదిలితే చేతికి 120. పెట్టిన యాభై వేలు వెనక్కి రావాలంటే 417 కాపీలు పోవాలి. 250 పెడితే చేతికి 150, 334 కాపీలు చాలు. 50 కాపీలు సమీక్షలకు, బంధువులకు, సీనియర్లకు పోతాయి, వాటిని అమ్మకం లెక్కలో వేసుకోకూడదు. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలు అమ్ముడయ్యాకే డబ్బిస్తాయి. ఇచ్చిన ప్రతి కట్టకూ డెలివరీ చలానా మీద సంతకం, తేదీ తీసుకోవాలి. ఒక దుకాణంలో నేను ఆ సంతకం అడగలేదు. నోటి మాట విలువ కోర్టులో ఎంతో తెలిసినవాణ్ని అయి ఉండీ.

అమ్మకానికి అసలైన సమయం జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగేది, ఇప్పుడక్కడ అంబేద్కర్ స్మృతివనం ఉంది. 2025లో జరిగిన 35వ మహోత్సవం ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో. ఒక్క పుస్తకానికి స్టాలు తీసుకోవడం దండగ, తెలిసిన ప్రచురణకర్త బల్ల మీద చోటు అడగండి. పోస్టులో పంపడానికి తపాలా శాఖ 2025లో తెచ్చిన పుస్తకాల సేవ జ్ఞాన్ పోస్ట్ చవక. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను వేరే. పైన చెప్పిన పుస్తకం బరువు కాగితం లెక్కలో 290 గ్రాములు తేలుతుంది, కవరు వేయగానే 300 దాటి తర్వాతి ధరలో పడుతుంది. పల్చటి కవరుతో సరిపెట్టాలని చూడకండి, మూలలు నలిగి తిరిగొస్తాయి.

పుస్తకం బయటికొచ్చాక పత్రికలవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'ఇది మీ కేసేనా?' 36వ నియమం ఇక్కడ కూడా పనిచేస్తుంది. మనం వాదించిన కేసుల గురించి పత్రికలకు వ్యాఖ్యలివ్వడం, ఫోటోలివ్వడం అందులో నిషిద్ధం. నవల గురించి మాట్లాడవచ్చు, కేసు గురించి కాదు. కోర్టు వరండాలో అదే ప్రశ్న పాత క్లయింట్లు ఇంకోలా అడుగుతారు, పుస్తకం చంకలో పెట్టుకుని, గొంతు తగ్గించి: "ఏమండీ లాయరుగారూ, ఇది మా సంగతేనాండీ?" దానికి జవాబు "కాదండీ" అనే. అక్కడితో ఆపాలి. 'కాదండీ, అది ఫలానా వాళ్లది' అన్నారంటే 132వ సెక్షన్ ఆ వరండాలోనే తెగిపోతుంది.